ఆపు సైగ

లోకనాథం పని మానేసి రెండేళ్ళయింది కానీ ఆయన చేతులు మాత్రం ఇంకా మానలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో, హాడో రేవులో ముప్ఫై నాలుగేళ్ళు క్రేనుకి సైగలిచ్చిన చేతులవి. క్రేను డ్రైవరు ఎక్కడో పైన గూటిలో కూర్చుంటాడు, కింద ఏముందో అతనికి సరిగ్గా కనపడదు. కిందనున్న సైగలవాడి చెయ్యి ఎలా ఆడితే అతను అలా ఆడతాడు. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ‘హబేస్’, అంటే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే ‘ఆరియా’, అంటే దించు. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపు. మిగతా సైగలన్నీ సైగలవాడొక్కడే ఇవ్వాలి. ఆపు మాత్రం ఎవరైనా ఇవ్వచ్చు. రేవు ఊడ్చేవాడు ఇచ్చినా సరే, చూసినవాడు ఆగిపోవాల్సిందే. అది రేవు రూలు.

ఇప్పుడు క్రేను లేదు. దాంతో ఆ సైగలన్నీ ఇంటి మీద పడ్డాయి. సందులో ఆటో వెనక్కి వస్తుంటే ఎదురెళ్ళి చేతులూపేవాడు. భార్య పార్వతమ్మ పొయ్యి మీంచి గిన్నె దింపుతుంటే గుమ్మంలో నిలబడి ఆరియా ఇచ్చేవాడు. ఒకరోజు ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

“ఏటండీ, నాను గిన్నె దింపుతన్నానా, ఓడ దింపుతన్నానా? ఇన్నేళ్ళ నుంచి వొండుతన్నాను, ఏనాడైనా నా కూర సముద్రంలో పడీసిందా?”

అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది. ఆ ఇంట్లో సముద్రంలో పడడం గురించి మాట్లాడకూడదు. పదకొండేళ్ళ నాడు ఒక ట్రాక్టరు పడింది.

ఉత్తరాన ఉన్న రంగత్ ఊరికి వెళ్ళాల్సిన కొత్త ఎర్ర ట్రాక్టరు అది. గట్టు మీంచి ఎత్తి, పక్కనే ఆగివున్న బార్జిలోకి, అంటే చదునుగా ఉండే సరుకుల పడవలోకి దించాలి. పైన గూటిలో తాతబ్బాయి, కింద లోకనాథం. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ జోడీ. బావా అంటే బావా అనుకునేవాళ్ళు, ఒకే టిఫిను విప్పుకుని తినేవాళ్ళు, సగం సైగకే సరుకు దిగిపోయేదని రేవంతా చెప్పుకునేది. ఆ రోజు సన్నగా వాన పడుతోంది. ట్రాక్టరు లేచింది, బార్జి వైపు తిరిగింది, తిరుగుతూ తిరుగుతూనే కిందికి దిగడం మొదలుపెట్టింది. బార్జి దాటిపోయి అవతలి అంచుకి కొట్టుకుంది. కట్టిన తాళ్ళు జారిపోయాయి. దేవుడి దయవల్ల దాని కింద మనిషి లేడు, నీళ్ళే ఉన్నాయి.

కాంట్రాక్టరు అందర్నీ నిలబెట్టి అడిగాడు. తిరగడం ఆపమని సైగ వచ్చిందా లేదా? “ఇచ్చినాను” అన్నాడు లోకనాథం. “రానేదు” అన్నాడు తాతబ్బాయి. నలభై మంది ఎదురుగా జరిగిన సంగతి ఇది. పెద్దవాడు కనక లోకనాథం మాట చెల్లింది. తాతబ్బాయి క్రేను దిగిపోయాడు. ‘ట్రాక్టరు ముంచినోడు’ అని పేరు పడ్డాక ఇంకే కాంట్రాక్టరూ గూడెక్కించలేదు. భార్య దేముడమ్మని తీసుకుని రంగత్ పోయి, బజార్లో పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

లోకనాథం అబద్ధమాడాడని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన నిజమే చెప్పానని నమ్మాడు. పిడికిలి బిగించిన సంగతి ఆయనకి కళ్ళకి కట్టినట్టు గుర్తు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం కూడా కాదు, ఈ ఒక్క విషయంలో తప్ప.

సరే, గిన్నె గొడవ తరవాత పార్వతమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. జంగ్లీఘాట్‌లో ఒక కొట్టు మేడ మీద పద్మిని అనే అమ్మాయి శనివారం సాయంత్రాలు కంప్యూటరు నేర్పుతోందని విని ఉంది. ఫీజు లేదు, పరీక్ష లేదు, సరదాకి ఎవరైనా రావచ్చు. “ఎల్లండి. ఆ డబ్బాకి సైగలిచ్చుకోండి. నా వొంటిల్లు వొగ్గీయండి” అని గొడుగు చేతికిచ్చి గెంటినంత పని చేసింది.

అక్కడ నేర్చుకునేవాళ్ళలో లోకనాథం తరవాత పెద్దవాడి వయసు పదమూడు. పద్మినికి పాతికేళ్ళు, ఈ దీవుల్లోనే పుట్టింది, తాతలది శ్రీకాకుళం వైపు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. ఆమె నేర్పేది స్క్రాచ్ అనే భాష. రాయక్కర్లేదు. తెర మీద రంగురంగుల దిమ్మెలుంటాయి, ఒక్కో దిమ్మె మీద ఒక్కో ఆజ్ఞ. ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీది పిల్లి ఆ వరసలో ఆడుతుంది.

“పిల్లిని కొంచెం ముందుకి పంపాలమ్మా” అన్నాడు మొదటిరోజు.

“కొంచెం అంటే కిత్నా, అంకుల్? ఎన్ని అడుగులో చెప్పాలి. దానికి కొంచెం తెలీదు.”

“బొత్తిగా బుర్ర లేదన్నమాట.”

“బుర్ర మీదే అంకుల్. దానిది చెప్పింది చెయ్యడం, బస్.”

లోకనాథానికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. పది అన్నాడు, పిల్లి పది అడుగులు వేసింది. వెయ్యి అన్నాడు, పిల్లి తెర అంచుకి పోయి ఇరుక్కుంది, పిల్లలు పకపకా నవ్వారు, ఆయనా నవ్వాడు. రెండేళ్ళ తరవాత మళ్ళీ ఆయన చెప్పినట్టు ఆడేది ఒకటి దొరికింది. దిమ్మెల మీది మాటల్ని హిందీ నుంచి తెలుగులోకి మార్పించుకుని, గట్టిగా చదివి పద్మినికే అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాడు. మూడు శనివారాలకి పిల్లి చేత గంతులేయించాడు. ఐదో శనివారానికి దాని పక్కన ఓ కుక్కని పెట్టి తరిమించాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ కథంతా చెప్పేవాడు. పార్వతమ్మ ఊఁ కొట్టేది, వంటిల్లు ప్రశాంతంగా ఉంది కనక ఎంతసేపైనా కొట్టేది.

ఆ సరదాలో పుడక పడింది హాడోలో, టీ కొట్టు దగ్గర. గోపినాథ్ అని పాత ఖలాసీ, ఇంకా రేవులోనే చేస్తున్నాడు, రంగత్ వెళ్ళొచ్చాడు.

“తాతబ్బాయి కనబడ్డాడు భయ్యా. ఇప్పటికీ అదే మాటంటన్నాడు. సైగ రానేదట.”

లోకనాథం చేతిలో టీ చల్లారిపోయింది. పదకొండేళ్ళయినా వాడు తప్పు ఒప్పుకోడేం? తానేమన్నా వాడి మీద కక్ష కట్టాడా? ఆ కోపంలోనే ఆయనకో ఆలోచన వచ్చింది. బొమ్మ కడతాను. గట్టు, బార్జి, క్రేను, ట్రాక్టరు, అన్నీ పెడతాను. సైగలు ఆ రోజు ఇచ్చినవి ఇచ్చినట్టే పెడతాను. డబ్బా ఎవరి చుట్టమూ కాదు, అబద్ధం చెప్పదు. ట్రాక్టరు సుబ్బరంగా బార్జిలో దిగుతుంది. అప్పుడు తప్పు డ్రైవరుదని అందరికీ తెలుస్తుంది.

“వొచ్చీ శనివారం కాదు, ఆ పై శనివారం అందర్నీ జంగ్లీఘాట్ తీసుకురా. సినిమా సూపిస్తాను” అన్నాడు గోపినాథ్‌తో.

పద్మిని ఉత్సాహంగా చెయ్యి కలిపింది. క్రేను బొమ్మ వేసింది. గూటిలో డ్రైవరు ఉండాలని లోకనాథం పట్టుబట్టి, చీమంత మనిషిని పెట్టించి, వాడి తలకి ఎర్ర తువ్వాలు చుట్టించాడు. తాతబ్బాయి ఎండైనా వానైనా ఎర్ర తువ్వాలే చుట్టేవాడు.

“అంకుల్, తిప్పు అంటే ఎంతసేపు తిరగాలి?” అని అడిగింది పద్మిని.

“ఆపు అనేదాకా. హబేస్ అన్నా, తిప్పు అన్నా, ఆరియా అన్నా అంతే. ఆపు సైగ వొచ్చేదాకా డ్రైవరు సొంత బుర్ర వాడకూడదు. అదే రూలు.”

ఆమె ఆ రూలునే దిమ్మెల్లో పెట్టింది. ఇక మిగిలింది సైగల వరస. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా లోకనాథం తనకిచ్చిన పాత లాప్‌టాప్‌లో తానే తగిలించుకున్నాడు. చెయ్యి దానంతటదే పోయింది. ఆ వరస ఆయనకి నిద్రలో అడిగినా వచ్చు.

గోపినాథ్ వాళ్ళు రావడానికి వారం ముందే, ఆ శనివారం బటను నొక్కాడు. పిల్లలు చుట్టూ మూగారు. ట్రాక్టరు లేచింది. క్రేను బార్జి వైపు తిరిగింది. ట్రాక్టరు దిగడం మొదలుపెట్టింది, కానీ తిరగడం ఆగలేదు. తిరుగుతూ, దిగుతూ, బార్జి దాటి, అవతలి అంచుకి కొట్టుకుని నీలిరంగు నీళ్ళలో పడింది. పద్మిని సరదాకి పెట్టిన చప్పుడు ఛపాక్‌మని వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

లోకనాథం ముఖం పాలిపోయింది.

“ఇది తప్పు సేస్తంది. నాను ఆపు ఇచ్చినాను.”

“కహాఁ అంకుల్? చూపించండి” అంది పద్మిని మామూలుగా.

ఆయన వేలు తెర మీద పెట్టి పైనుంచి చదివాడు. హబేస్. రెండు సెకండ్లు ఆగు. ఆపు. తిప్పు. మూడు సెకండ్లు ఆగు. ఆరియా. అక్కడ వేలు నిలబడిపోయింది. మళ్ళీ పైనుంచి చదివాడు. తిప్పుకీ ఆరియాకీ మధ్య ఆపు లేదు.

“ఎవరో తీసీసినారు.”

“ఎవరు తీస్తారంకుల్? మీ లాప్‌టాప్ ఎవరూ ముట్టుకోలేదు కదా.”

మూడోసారి చదివాడు. దిమ్మె పెట్టానని ఆయనకి నూటికి నూరుపాళ్ళూ గుర్తు. పెట్టిన దిమ్మె లేదు. పెట్టనిది ఉంటుందా? వేలు తెర మీంచి తీసేశాడు. ఇచ్చానని కళ్ళకి కట్టినట్టు గుర్తున్న సైగ ఇంకొకటి ఉంది కదా. అదీ ఇలాంటి గుర్తేనా?

ఒక్కొక్కటే పైకి వచ్చాయి. తిరగడం ఆపించాలంటే, వేరే డ్రైవర్లతో చేసినప్పుడు పిడికిలి బిగించేవాడు. తాతబ్బాయితో అక్కర్లేకపోయేది. తన భుజం కాస్త కిందికి వాలితే చాలు, తాతబ్బాయికి అర్థమైపోయి తిరగడం ఆపేసేవాడు. తిప్పు దగ్గర మా ఇద్దరికీ ఆపుతో పనిలేదని ఒకప్పుడు తనే గొప్పగా చెప్పుకున్నాడు. ఏళ్ళ తరబడి మనసులో ఇచ్చుకున్న సైగ చేత్తో ఇచ్చినట్టే అయిపోయింది. ఆ రోజు వాన. వానలో భుజం కనపడదు. పిడికిలి అయితే కనపడేది.

పద్మిని పక్కనుంచి చెయ్యి చాపి ఒక దిమ్మె తెచ్చి మధ్యలో తగిలించింది. “బస్, ఇంతే.” బటను నొక్కింది. ట్రాక్టరు లేచి, తిరిగి, బార్జి మీద ఆగి, పాపాయిని పడుకోబెట్టినంత నెమ్మదిగా దిగింది. పదకొండేళ్ళుగా దిగని ట్రాక్టరు. లోకనాథానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. పిల్లల ముందు సిగ్గుపడి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? దిమ్మె అతుక్కుంది, వచ్చే శనివారం గోపినాథ్ బృందం వచ్చి చూసి వాహ్ వాహ్ అంటుంది, తన మాట నిలబడుతుంది. ఈ ఆలోచన ఆయనకి రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఒక నిమిషం కూర్చుని, దాన్ని చూసి, అసహ్యించుకున్నాడు.

“ఆ దిమ్మె తీసీ అమ్మా. ఇందాకటిలాగే ఉంచు.”

“తప్పుగా ఉన్నదెందుకంకుల్?”

“నాకు తప్పుదే కావాల” అని, ఆ అమ్మాయికి మొత్తం చెప్పాడు. ఆమె ఆ పాత లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి ఇచ్చింది.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టమైంది. పార్వతమ్మ కూరగాయల పీట మీద కూర్చునే విన్నది. “ఊరొగ్గీసి ఎల్లిపోయే దినం దేముడమ్మ నా ముందర నిలబడి ఏడిసింది” అంది. “మా ఆయన అబద్ధమాడ్డు అన్నాను దానితోటి. మొగం మీదే తలుపేసీనాను.” తరవాత లేచి, సోమవారం బస్సుకి టిఫిను ఏం కట్టాలో చూసింది.

రంగత్ బస్సు తెల్లవారకుండానే బయల్దేరింది. అడవి దారికి కాపలా పెట్టిన జిర్కాటాంగ్ గేటు దగ్గర, వదిలేవేళ దాకా మిగతా బళ్ళతో పాటు ఆగి, అడవి దాటి, బల్లకట్టు మీద నీళ్ళు దాటి, పదకొండు గంటలకి రంగత్ బజార్లో దించింది. తిరుగు బస్సు పన్నెండుంబావుకి. ఆ గంటంబావు చాలా ఎక్కువనిపించింది లోకనాథానికి.

కొట్టు వెతకక్కర్లేకపోయింది. ఎర్ర తువ్వాలు దూరం నుంచే కనపడింది. తాతబ్బాయి నీళ్ళ తొట్టి ముందు గొంతుకూర్చుని ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. తువ్వాలు కింద జుట్టంతా నెరిసిపోయింది.

“బావా” అన్నాడు లోకనాథం.

తాతబ్బాయి తలెత్తి చూశాడు. మళ్ళీ ట్యూబు నీళ్ళలో ముంచాడు. “టైరు తెచ్చినావా?”

“నేదు.”

“మరెందుకొచ్చినావు?”

లోకనాథం అక్కడున్న స్టూలు మీద లాప్‌టాప్ తెరిచాడు. బటను నొక్కాడు. తాతబ్బాయి ఓరగా చూశాడు. క్రేను చూశాడు, గూటిలో ఎర్ర తువ్వాలు చూశాడు, తడిచేతులు పంచెకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. ట్రాక్టరు నీళ్ళలో పడింది.

“మళ్ళీ ఎయ్యి.”

మళ్ళీ వేశాడు. మళ్ళీ పడింది. మూడోసారి ట్రాక్టరు తిరుగుతుండగా తాతబ్బాయి కుడిచెయ్యి గాలిలో లేని మీట పట్టుకుంది. దిగడం మొదలవగానే గట్టిగా అరిచాడు.

“ఆపేదిరా?”

“నేదు.”

“ఆ దినం?”

“ఆ దినమూ నేదు బావా. ఇచ్చినాననే అనుకున్నాను, ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇవ్వనేదు. నీతోటి పని సేసినన్నాళ్ళూ తిప్పు కాడ నాను ఆపు ఇవ్వనేనేదు. నువ్వే సూసుకునేవోడివి.”

లోపలి నుంచి దేముడమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తాతబ్బాయి స్టూలు వైపే చూస్తున్నాడు.

“నానిదే సెప్పినాను” అన్నాడు నెమ్మదిగా. “నలభై మంది ముందర సెప్పినాను. నీ కాళ్ళు పట్టుకునీ సెప్పినాను. నా మాట నమ్మనేదు. ఈ డబ్బా సెప్తే నమ్మినావు.”

లోకనాథం లాప్‌టాప్ మూసేశాడు. “అవును” అన్నాడు.

“నాకు సూపించి ఏటి లాబం? నాకు తెల్సిందే కదా. తెలవనోళ్ళకి సూపించు, ఎల్లు.”

లోకనాథం ఫోను తీసి గోపినాథ్‌కి కలిపాడు. హాడో టీ కొట్టులో పాతవాళ్ళంతా పోగయ్యే వేళే అది. “స్పీకర్లో పెట్టు గోపీ, అందరికీ వినబడాల” అన్నాడు. అవతల గ్లాసుల చప్పుడు, నవ్వులు. ఆయన గొంతు సవరించుకున్నాడు. “నాను లోకనాథాన్ని. ట్రాక్టరు పడిన దినం నాను ఆపు సైగ ఇవ్వనేదు. తప్పు నాది. తాతబ్బాయి తప్పు పిసరంత నేదు. ఇది నాను బతికున్నంతకాలం ఎవులడిగినా సెప్తాను. శనివారం రండి, సూపిస్తాను కూడా.”

అవతల నవ్వులు ఆగిపోయాయి. గోపినాథ్ గొంతు వినిపించింది. “తాతబ్బాయి పక్కనున్నాడా భయ్యా? ఓపాలి ఫోనియ్యి.”

లోకనాథం ఫోను చాపాడు. తాతబ్బాయి అందుకోలేదు. వెనక్కి తిరిగి కొట్టు లోపలి చీకట్లోకి వెళ్ళిపోయాడు. టైర్ల వెనక ఎర్ర తువ్వాలు కూడా కనపడలేదు. లోకనాథం ఫోను కట్టేసి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు. క్షమించమని అడుగుదామని వచ్చాడు గానీ ఆ మాట అడిగే హక్కు కూడా తనకి లేదనిపించింది. దేముడమ్మ వైపు చూసి చేతులు జోడించి రోడ్డెక్కాడు.

తిరుగు బస్సు బయల్దేరబోతోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, కండక్టరు “పోర్ట్ బ్లెయిర్, పోర్ట్ బ్లెయిర్, జల్దీ” అని అరుస్తున్నాడు. ఇది తప్పితే అడవి గేటు మూసేస్తారు, మళ్ళీ రేపే. లోకనాథం అడుగు పెద్దది చేశాడు.

“అన్నియ్యా!” అని వెనకనుంచి దేముడమ్మ కేక వినిపించింది. “ఓపాలి ఎనక్కి సూడు!”

తిరిగి చూశాడు. కొట్టు మెట్టు మీద తాతబ్బాయి నిలబడి ఉన్నాడు. తువ్వాలు తలమీంచి తీసి ముఖానికి అడ్డంగా పట్టుకున్నాడు, ఏడుపు కనపడకుండా కాబోలు. రెండో చెయ్యి మాత్రం నిటారుగా పైకి లేచి ఉంది. పిడికిలి బిగించి ఉంది.

ఎవరిచ్చినా ఆగాల్సిందే కదా. కండక్టరు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. లోకనాథం నడిరోడ్డు మీద ఆగిపోయాడు.